అక్కయ్యతో చైనా యాత్ర

మన పత్రికలో యాత్రా విశేషాలు వ్రాసే పెద్దలందరూ కాశీకో, బదరీకో, కనీసం తిరుమల కొండకో పోయి వచ్చినవారు. నేను పోయి వచ్చింది చైనాకు. అదీ పుణ్యం కోసం కాదు. విలాసనౌకలో అయిదు రాత్రుల వేడుక. రోజూ గుడియాత్తంలో బస్సెక్కి, ముప్పాతిక దారి నిలబడి, రాయవేలూరులో దిగే గుమాస్తాకు ఇంత భోగం ఎక్కడిదని మన సంఘంలోనే చాలామంది అడిగారు. అడగనివారు మనసులో అనుకున్నారు. కాబట్టి ముందు ఆ లెక్క అప్పజెప్పి, తరువాత సంగతికి వస్తాను.

డబ్బు మా మేనల్లుడిది. మా బావ గుడియాత్తంలో ముప్ఫై ఏళ్ళు లుంగీలు నేసి కొడుకుకు ఇంజనీరింగు చదువు చెప్పించాడు. కొడుక్కు హాంకాంగులో ఉద్యోగమైన రెండో ఏటనే ఆయన పోయాడు. 2024 నవంబరులో మా అక్కయ్యకు అరవై నిండాయి. మగడు లేని మనిషికి షష్టిపూర్తి ఏమిటని లోకం అంటుంది గనుక, పూజలూ పందిళ్ళూ లేకుండా అమ్మను ఓడలో తిప్పి చూపిస్తానని మేనల్లుడు పట్టుబట్టాడు. తెలుగూ అరవమూ తప్ప మరొక మాట రాని మనిషిని ఒంటరిగా విమానం ఎక్కించలేక, తోడుగా నాకూ ఒక టిక్కెట్టు కొన్నాడు. నేను పదో తరగతి ప్యాసయినవాణ్ణి. తమరి ఉత్తరం చేరింది, సరుకు పంపడమైనది అనే పాటి ఆఫీసు ఇంగ్లీషు నాకు వచ్చు. ఇమ్మిగ్రేషను బల్ల దగ్గర అదే ఆదుకొంది.

నాకు స్వంతంగా కూడా ఒక కుతూహలం ఉండేది. నేను పని చేసేది తోళ్ళు ఎగుమతి చేసే కంపెనీలో. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట, పేర్ణాంబట్టు, ఈ పాలారు పొడుగునా తోళ్ళ వ్యాపారమే గదా. పదిహేనేళ్ళుగా నేను కొట్టిన ఇన్‌వాయిసులలో "చేరవలసిన రేవు" అన్న గడిలో షియామెన్ అనే పేరు ఎన్ని వందలసార్లు పడిందో చెప్పలేను. షియామెన్ పక్కన జిన్‌జియాంగు అనే ఊరు ఉన్నది. చైనాలో బూట్లకు అది పెట్టింది పేరు. మన వైపు మేకతోలు అక్కడ జోడు అవుతుంది. పేరు మాత్రమే తెలిసిన మనిషిని ఎదురుగా చూడాలన్నట్లు, ఆ రేవును ఒకసారి చూడాలని నాకు ఉండేది. మేనల్లుడు పంపిన ఓడ కాగితాలలో హాంకాంగు నుంచి షియామెన్‌కు, అక్కడ రెండు రోజులు, తిరిగి హాంకాంగుకు అని చదివినప్పుడు, దేవుడు నా ఇన్‌వాయిసు చూశాడనుకున్నాను.

వీసా సంగతులు ఏజెంటు చూసుకున్నాడు. అక్కయ్య సంగతులు నేను చూసుకున్నాను. ఆమె ప్రయాణపు సన్నాహమంటే మాగాయ, కందిపొడి, నువ్వుల పొడి, నాలుగు వీశెల బియ్యం. బియ్యం చెన్నై విమానాశ్రయం దాకా పోనిచ్చి, అక్కడ సాగనంపడానికి వచ్చిన బంధువుల చేతికి ఇప్పించాను. మిగిలినవి వచ్చాయి.

ఓడను గురించి ఎక్కువ వ్రాయను. పదమూడు అంతస్తుల లాడ్జి ఒకటి నీళ్ళ మీద కదులుతున్నట్లు ఊహించుకుంటే చాలు. ఈత కొలను, నాటకశాల, జూదపు గది, తెల్లవారింది మొదలు అర్ధరాత్రి దాకా తిండి. అక్కయ్యకు ఇవేవీ పట్టలేదు. ఆమె బాధల్లా ఒకటే. పొద్దున లేచి దండం పెట్టుకొనేందుకు తూర్పు ఎటో తెలియదు. తెలిసినా ఓడ తిరిగినప్పుడల్లా తూర్పూ తిరుగుతుంది. "ఏందిరా అబ్బాయ్, నిన్న కిటికీలో ఉన్న సూర్యుడు ఇవాళ నడవలోకి పోయినాడు!" అన్నది రెండో రోజున. శాకాహారం దొరికింది గాని, అందులో ఏమి కలిసిందోనన్న అనుమానం ఆమెను వదలలేదు. పెరుగూ అన్నమూ మాగాయా, అయిదు రోజులూ అంతే.

అసలు చిక్కు తిండిలో లేదు. మనవరాలి దగ్గర వచ్చింది. మేనల్లుడి కూతురికి తొమ్మిదేళ్ళు. పుట్టింది హాంకాంగులో. చక్కని పిల్ల, చురుకైనది. ఇంగ్లీషు మాట్లాడుతుంది, ఆ ఊరి చైనా భాష మాట్లాడుతుంది, బడిలో చెప్పే మాండరిన్ కూడా వచ్చు, ఆ బొమ్మల అక్షరాలు వ్రాస్తుంది. తెలుగులో మాత్రం "అవ్వా", "వద్దు", "నీళ్ళు", ఇంకా ఒక నాలుగైదు మాటలు. అరవై ఏళ్ళ అవ్వ, తొమ్మిదేళ్ళ మనవరాలు ఒకే గదిలో రెండు మంచాల మీద కూర్చుని ఒకరినొకరు చూసి నవ్వుకోవడమే గాని మాట లేదు. మొదటి రాత్రి పాప పడుకున్న తరువాత అక్కయ్య నాతో మెల్లగా, "బిడ్డ బంగారం రా. కానీ నాకు మూగదాని మాదిరిగా ఉందిరా. దానికి నేను గూడా అట్లనే ఉంటాను గదా?" అన్నది. నాకు జవాబు తోచలేదు.

షియామెన్‌లో మొదటి రోజు అందరితోపాటు గూలాంగ్‌యూ అనే చిన్న దీవికి తీసుకొనిపోయారు. రేవుకు ఎదురుగానే ఉంటుంది, పడవలో పోవాలి. మోటారు బండి అన్నది ఆ దీవిలో లేదు. పందొమ్మిదో శతాబ్దంలో తెల్లవాళ్ళు వచ్చి కట్టుకున్న బంగళాలు, కాన్సలేట్లు, వాటి మధ్య మర్రిచెట్ల నీడలో సన్నని వీధులు. పియానో వాద్యాలకు ఆ దీవి పేరుపొందింది. వాటికొక మ్యూజియమే ఉన్నది. 2017లో యునెస్కో వారి జాబితాలో చేరింది. అందంగానే ఉన్నది. కానీ జనం! మన కాట్పాడి జంక్షన్‌లో రెండు రైళ్ళు ఒక్కసారి వచ్చినట్లు. ఫోటోలు తీసుకొనేవారి మధ్య నుంచి అక్కయ్య చేయి పట్టుకొని నడిపించడంతోనే నా రోజు గడిచింది. నేను చూడాలనుకున్న సరుకు రేవు దూరాన కనబడింది: ఎర్రవి, నీలివి, పెట్టెల మీద పెట్టెలు. అందులో మా తోళ్ళు ఏ పెట్టెలోనైనా ఉన్నాయేమో.

రెండో రోజు ఓడవాళ్ళు కొండల్లోని గుండ్రటి మట్టి ఇళ్ళను చూపిస్తామన్నారు. నేను మేనల్లుడిని పక్కకు పిలిచి, మనం వేరే బండి మాట్లాడుకొని చ్వాన్‌జౌ పోదామన్నాను. అక్కడ మన శివాలయం ఉండేదని, దాని రాళ్ళు ఇంకా ఉన్నాయని ఏనాడో ఒక అరవ దినపత్రికలో చదివి, ఆ కత్తిరింపును దాచుకొని ఉన్నాను. అతడు ఫోనులో చూసి, "నిజమే మామా, ఇక్కడికి రెండు గంటల దారి" అన్నాడు.

చ్వాన్‌జౌ ఈనాడు అంతగా వినబడే పేరు కాదు. ఏడు వందల ఏళ్ళ క్రితం వేరు. మార్కో పోలో దాన్ని జైతూన్ అని వ్రాశాడు, ప్రపంచంలోని మహారేవులలో ఒకటన్నాడు. 1292 ప్రాంతాన అతడు స్వదేశానికి తిరుగు ప్రయాణం కట్టింది అక్కడి నుంచే. ఆ మార్కో పోలోయే మన మోటుపల్లిని గురించీ వ్రాశాడు, దేశాన్ని ఏలే రాణిని గురించి, వజ్రాలను గురించి, సాలెపట్టు లాంటి సన్నని బట్టలను గురించి. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారులు అంటారు. ఆమె తండ్రి గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం, పరదేశపు ఓడ గాలివానకు చెడి తీరానికి కొట్టుకొని వస్తే సరుకు లాగుకోము, సుంకం మాత్రమే తీసుకుంటామని సముద్రవర్తకులకు మాట ఇచ్చింది. సుంకాల పట్టిక కూడా అందులోనే చెక్కించారు. ఎగుమతి గుమాస్తాను గనుక నాకు ఆ శాసనమంటే ఒక బంధుప్రీతి. అట్లా మాట ఇచ్చే రేవులు ఈవలా ఉండబట్టే ఆవలి రేవులో మన దక్షిణదేశపు వర్తకులు పోయి కాపురం ఉండగలిగారు. 2021లో యునెస్కో వారు చ్వాన్‌జౌలోనూ చుట్టుపక్కలా ఉన్న 22 స్థలాలను కలిపి ప్రపంచ వారసత్వంగా ప్రకటించారు.

మేము మొదట చూసింది కైయువాన్ బౌద్ధాలయం. 686లో స్థాపించినది. ఆవరణలో అటొకటి ఇటొకటి రెండు రాతి గోపురాలు, పదమూడో శతాబ్దంలో కట్టినవి, తూర్పుది 48 మీటర్లు, పడమరది 44 మీటర్లు. వాటికంటే అక్కయ్యను ఆపినది ఒక ముసలి చెట్టు. రెల్లలు విరిగి, రాతి ఊతకర్రల మీద వాలి, ఇంకా చిగుర్లు వేస్తున్నది. కంబళిచెట్టు, అంటే పట్టుపురుగులు తినే మల్బరీ. పదమూడు వందల ఏళ్ళ నాటిదని చెబుతారు. ఆ స్థలం పూర్వం ఒక షావుకారు కంబళితోటట. ఒక భిక్షువు వచ్చి గుడికి స్థలం అడిగితే, నా చెట్లకు తామరలు పూస్తే ఇస్తానన్నాడట ఆ షావుకారు. పూశాయి, ఇచ్చాడు. ఈ కథ పలకమీద ఉంటే పాప చదివి ఇంగ్లీషులో నాకు చెప్పింది, నేను తెలుగులో అక్కయ్యకు చెప్పాను. నేతగాని ఇల్లాలు గదా, ఆమె చెట్టు మొదలును చేత్తో తాకి కళ్ళకద్దుకుంది. "మీ బావ చూసుంటే ఎంత సంతోషించేవాడో. మనము నూలోళ్ళము, అయినా పట్టు పట్టే గదా" అన్నది.

అసలు మేము వెతుక్కుంటూ వచ్చినవి పెద్ద మండపం వెనుక వైపున ఉన్నాయి. ముందు నుంచి చూసేవారికి కనబడవు. వసారాలో వరుసగా ఉన్న స్తంభాలలో రెండు మాత్రం వేరు జాతివి. పదహారు పలకల నల్లరాతి స్తంభాలు, మధ్య మధ్య చదరపు దిమ్మెలు, దిమ్మెల మీద గుండ్రటి చట్రాలలో బొమ్మలు. మన ఊళ్ళో ఏ గుడికి పోయినా ఇట్లాంటివి ఉంటాయి, ఆనుకొని కూర్చుంటాము, తల ఎత్తి చూడము. అక్కడ చూసేసరికి నా ఒళ్ళు ఝల్లుమంది. ఒక చట్రంలో నరసింహస్వామి, తొడమీద హిరణ్యకశిపుడు. ఒకదానిలో రెండు చెట్ల నడుమ చిన్నికృష్ణుడు. ఒకదానిలో ఏనుగు, మొసలి, పైన విష్ణువు. మండపం అరుగు చుట్టూ సింహాల వరుస కూడా మన వైపు చేతిదే. డెబ్భైకి పైగా రాళ్ళు. పాడుపడిన మన గుడి రాళ్ళను, తరువాత మింగు రాజుల కాలంలో బౌద్ధాలయాన్ని బాగుచేసేటప్పుడు తెచ్చి ఇక్కడ నిలబెట్టారట. మోసేది బుద్ధుని కప్పును, ఒంటిమీద ఉన్నది మన పురాణం. వాళ్ళు పగులగొట్టి పునాదుల్లో వేయలేదు, సంతోషం.

అక్కయ్యకు ఈ చరిత్ర నేను చెప్పేలోపలే ఆమె పని ఆమె మొదలుపెట్టింది. గజేంద్రమోక్షం చట్రం ముందు నిలబడి పోతన గారి పద్యం ఎత్తుకుంది. మా నాయన ఆమెకు నేర్పిన పద్యమే. గొంతు పెద్దదేమీ కాదు, కానీ ఆ వసారా రాయి దాన్ని పెంచి పలికింది. ఊదొత్తులు వెలిగించుకుంటున్న ఇద్దరు ముగ్గురు చైనా ఆడవాళ్ళు ఆగి విన్నారు. ఆ రాయి చెక్కిన నాటికి పోతన పుట్టనే లేదని నాకు అప్పుడు తట్టింది. శిల్పం పదమూడో శతాబ్దం నాటిదంటారు, పోతన పదిహేనో శతాబ్దం వాడు. కథ మాత్రం ఇద్దరికంటే ముందుది.

పద్యం కాగానే పాప వాళ్ళ నాన్నను ఇంగ్లీషులో అడిగింది, అవ్వ ఏం పాడుతున్నదని. మేనల్లుడు నా వైపు చూశాడు. అతడికి పద్యం తెలియదు. ఏనుగు కథ తెలుసు గాని సగమే తెలుసు. నేను చెప్పబోయాను. అక్కయ్య నన్ను చేత్తో వెనక్కి నెట్టి పాప చేయి పట్టుకుంది. "రా నాయనా, నేను చెప్తా." తరువాత ఒక పావుగంట జరిగినది నేను పూర్తిగా వ్రాయలేను. ఏనుగు చెరువులోకి దిగడం, మొసలి పట్టడం, ఏనుగు లాగడం, మొసలి లాగడం, అరవైఏళ్ళ మనిషి ఆ బౌద్ధాలయం వసారాలో చేతులను తొండం చేసి, పళ్ళు చేసి ఆడి చూపింది. నోటితో చెప్పినదంతా తెలుగే. పాప ఒక్కసారి కూడా "ఏమిటి" అనలేదు. చివరకు విష్ణువు వచ్చేసరికి పాప స్తంభం మీది బొమ్మను వేలితో చూపి, "అవ్వా, హీ కేమ్!" అన్నది. "ఆఁ, వచ్చినాడు" అన్నది అక్కయ్య. పాప, "వచ్చినాడు" అన్నది.

ఆ ఆవరణలోనే ఒక పాత ఓడను పెట్టిన భవనం ఉన్నది. 1974లో చ్వాన్‌జౌ అఖాతం బురదలో నుంచి వెలికితీసిన సరుకు ఓడ; సొంగు రాజుల చివరి దినాల నాటిది. మిగిలిన చెక్కలే 24 మీటర్ల పొడవు. లోపల అడ్డుగోడలు వేసి పదమూడు గదులు చేశారు, ఒక గదికి చిల్లు పడినా మిగిలిన గదులలోకి నీరు పోకుండా. అందులో దొరికిన సరుకు పట్టిక చూడండి: సువాసన చెక్కలు, మిరియాలు, వక్కలు, సాంబ్రాణి. మనం శెట్టి కొట్లో వ్రాయించే చీటీలాగా లేదూ? నేను ఓడ కంటె ఆ పట్టికనే ఎక్కువసేపు చూశాను.

మధ్యాహ్నం సముద్రయాన మ్యూజియంలో ఇంకా రాళ్ళు చూశాం. పాత కోటగోడలు పడగొట్టినప్పుడూ పొలాలు దున్నినప్పుడూ బయటపడిన వందలాది శిల్పఖండాలను ఏరి దాచారు. ఒకదానిలో లింగం మీద ఆవు పాలు కురిపిస్తున్నది; ఆ కథ మన వైపు ఊరూరా ఉన్నది. అన్నింటిలోకి విలువైనది 1956లో బయటపడిన ఒక శాసనం. దాని ఫోటోను మేనల్లుడు ఫోనులో పెద్దది చేసి నాకిచ్చాడు. శక వర్షం 1203, అంటే మన లెక్కకు 1281. లిపి అరవం. అప్పటి అక్షరాలు ఇప్పటివాటికి కొంచెం తేడా. అయినా బడిలో అరవం చదివినవాణ్ణి గనుక కూడబలుక్కుంటే అక్కడక్కడ అందింది. సంబంధ పెరుమాళ్ అనే ఆయన, ఖాను గారి ఫర్మానా మీద, ఆ ఖాను గారి ఒంటి క్షేమం కోసం, తిరుక్కదలీశ్వరం ఉడయ నాయనారును ప్రతిష్ఠించాడని దాని భావం. చైనాను మంగోలు ఖానులు ఏలుతున్న కాలం. పరదేశంలో గుడి కట్టుకోవాలంటే ఆ ఊరి దొరకు ఆరోగ్యం కోరుతూ కట్టుకోవాలి; నాటి నుంచి నేటి వరకు ఆఫీసు మర్యాద ఒక్కటే! శాసనం చివర ఒక వరుస చైనా అక్షరాలు ఉన్నాయి. పాపను చదవమన్నాను. రెండు మూడు అక్షరాలు పలికి, అర్థం కావడం లేదని తల ఊపింది. అరవం నేను, చైనా అది, కథలు వాళ్ళ అవ్వ, ముగ్గురం కలిస్తే గాని ఆ ఊరి రాళ్ళు మాట్లాడేట్లు లేవు.

1281 అనగానే నాకు మన జలకంఠేశ్వరుడు గుర్తుకు వచ్చాడు. రాయవేలూరు కోటలో ఆ గుడి, ఆ కల్యాణమండపం, ఆ గుర్రపు స్తంభాలు చూడనివారు మనలో ఉండరు. రాయల కాలంలో మన నాయకులు కట్టించినది; మనలో చాలా కుటుంబాల ముత్తాతలు ఆ రాయల వెంట ఈ వైపు వచ్చినవారే. అంత గుడిలోనూ ఎన్నో తరాలు స్వామి లేడు. లింగం సత్తువాచ్చారిలో ఉండేది. గర్భగుడి గబ్బిలాల పాలై, పురాతత్వశాఖ వారి బోర్డు మాత్రం ఉండేది. 1981 మార్చిలో భక్తులు లింగాన్ని తెచ్చి మళ్ళీ లోపల ప్రతిష్ఠించారు. నేను పుట్టిన ఏడాది అది. మా నాయన ఈ ముచ్చట చెప్పని పండగ లేదు. ఒక చోట గుడి పోయి రాళ్ళు మిగిలాయి, ఒక చోట రాళ్ళుండి స్వామి తిరిగి వచ్చాడు. తేడా ఎక్కడ వచ్చిందని మ్యూజియం బల్లమీద కూర్చుని ఆలోచించాను. చ్వాన్‌జౌలో 1357 నుంచి పదేళ్ళ పాటు పెద్ద తిరుగుబాటు జరిగి పరదేశీయులు నలిగిపోయారు. ఆ వెనుక వచ్చిన మింగు రాజులు ప్రజలు సముద్రం మీదికి పోరాదని ఆంక్ష పెట్టారు. కొత్త ఓడ రాలేదు. ఓడ రాకపోతే స్వదేశం నుంచి మనిషి రాడు, పిల్లనివ్వడు, పిల్లను తీసుకోడు. ఉన్నవాళ్ళు పోయినవాళ్ళు పోగా, మిగిలినవాళ్ళ మనుమలు చైనావాళ్ళయి ఉంటారు. ఈనాడు ఆ వీధుల్లో నడిచేవారిలో సంబంధ పెరుమాళ్ రక్తం ఉన్నా ఉండవచ్చు. అడిగితే వారికేమి తెలుసు?

తిరిగి వచ్చే దారిలో చెడియన్ అనే పల్లెలో బండి ఆపించాను. నా కత్తిరింపులో ఆ పేరు ఉన్నది. మన పొలిమేర గుళ్ళంత చిన్న గుడి. లోపల రాతి అమ్మవారు. పద్మాసనం వేసుకొని కూర్చుంది, నాలుగు చేతులు, పాదాల దగ్గర రాక్షసుడు, అటూ ఇటూ చెలికత్తెలు. చ్వాన్‌జౌలో అంతరించిన మన గుళ్ళలోని విగ్రహమేనని పండితులు అంటారు. ఊరివారు మాత్రం ఆమెను గ్వాన్‌యిన్ అని కొలుస్తారు. బౌద్ధుల అవలోకితేశ్వరుడే చైనాలో ఆడరూపు దాల్చి కరుణామయి గ్వాన్‌యిన్ తల్లి అయ్యాడు. పేరు మారింది, పూజ ఆగలేదు. ముందు ఊదొత్తుల బూడిద కుప్పగా ఉన్నది, పళ్ళు పెట్టి ఉన్నాయి.

అక్కయ్య ఒక్క చూపు చూసి, "ఇది మన గంగమ్మ రా" అన్నది. నేను ఏదో వివరించబోతే వినలేదు. అక్కడ ఒక ముసలామె కూర్చుని ఉంది, అక్కయ్య ఈడే ఉంటుంది. అక్కయ్య దండం పెట్టే తీరు చూసి, లేచి వచ్చి మూడు ఊదొత్తులు వెలిగించి చేతికిచ్చింది. అక్కయ్య తన కొంగు ముడిలోని కుంకుమ పొట్లం తీసి, అడగకుండా ఆ ముసలామె నుదుట బొట్టు పెట్టింది. ఆమె గలగలా నవ్వి ఏదో అన్నది. పాపను అడిగాను, ఏమన్నదని. ఆ పల్లె మాట వేరు, తనకు తెలియలేదన్నది పాప. ఇద్దరు ముసలమ్మలకు మాత్రం దుబాసీ అవసరం పడలేదు. ఒకరి చేతులు ఒకరు పట్టుకొని కాసేపు వారి వారి భాషల్లో మాట్లాడుకున్నారు.

ఆ రాత్రి ఓడ పైఅంతస్తులో మేనల్లుడూ నేనూ కూర్చున్నాం. గాలి బాగా వీస్తున్నది. నేను అనదలచిన మాట అతడే ముందు అన్నాడు. "మామా, పాపకు తెలుగు నేర్పలేదని అమ్మ బాధ పడుతోందని నాకు తెలుసు. నాకు మాత్రం చదవడం వచ్చునా? నేను చదివింది అరవం, ఇంగ్లీషు. మాట ఒకటి ఉన్నది, అది గూడా అమ్మతో ఫోనులోనే. ఉన్నదాన్నే ఇస్తాను, లేనిదాన్ని ఎక్కడినుంచి ఇచ్చేది?" అతడి మాటలో అబద్ధం లేదు. నా చిన్నతనంలో మా నాయన పాత చందమామలు ముందు పెట్టి అక్షరాలు దిద్దించాడు కాబట్టి నాకు చదువు అంటింది. మేనల్లుడి చిన్నతనంలో మా బావకు మగ్గం మీద నుంచి లేచే తీరిక లేదు. మన సభల్లో ఈ మాట వచ్చినప్పుడల్లా 2006 నాటి తమిళ నిర్బంధ చట్టాన్ని గురించి మాట్లాడతాం. మాట్లాడవలసిందే, అల్పసంఖ్యాకుల పిల్లలకు బడిలో వారి భాష ఉండవలసిందే. కానీ మా మేనల్లుడు ఆ చట్టానికి ముందే బడి ముగించినవాడు. అతడి ఇంట తెలుగును ఏ చట్టమూ తీసుకొనిపోలేదు.

"ఎందుకు మామా, ఏం లాభం అని నేననడం లేదు" అన్నాడు మళ్ళీ తనే. "ఇవాళ ఆ స్తంభం దగ్గర అది ఒక్క మాట అన్నది చూశావా? వచ్చినాడు అని. నేనెప్పుడూ దానికి ఆ మాట చెప్పలేదు." ఇంకేమీ అనలేదు. కింద నాటకశాలలో పాటలు వినబడుతున్నాయి. నేను కూడా ఏమీ అనలేదు. అన్నందువల్ల పెరిగేదేమీ లేదు.

మన వారెవరైనా ఆ వైపు పోదలిస్తే రెండు ముక్కలు. ఓడవాళ్ళు చూపించే చోట్లే చూడాలని లేదు. ముందుగా అడిగి, సాయంత్రం ఓడ కదిలే వేళకు రెండు గంటల ముందే తిరిగి వచ్చేట్లు చూసుకోండి. అక్కడ అన్ని చెల్లింపులూ ఫోనులోనే, మన ఊళ్ళో కంటే ఎక్కువగా. వెంట ఆ ఏర్పాటు తెలిసిన కుర్రవాడు ఉండాలి. చ్వాన్‌జౌకు సగం రోజు చాలదు. లోయాంగ్ వంతెనని ఒకటి ఉన్నది, దాదాపు వెయ్యేళ్ళ నాటిది, పునాదిరాళ్ళ మీద ముత్యపు చిప్పల వంటి ఆల్చిప్పలను పెంచి, వాటి అతుకుతోనే రాళ్ళను బిగించారట. ఏటా పాలారు మీద వంతెనల మరమ్మతు చూసే మనం చూడవలసిన వింత అది. మాకు వేళ చాలలేదు.

తిరిగి వచ్చిన మర్నాడే నేను ఆఫీసులో కూర్చున్నాను. మొదటి ఇన్‌వాయిసు వేరే రేవుది. షియామెన్ పేరు నాలుగో రోజున వచ్చింది.

అక్కయ్య ఇప్పుడు ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, ఫోను ముందు కూర్చుంటుంది. అవతల పాప. వారానికి ఒక కథ. ప్రహ్లాదుడు అయిపోయాడు, మద్దిచెట్లు అయిపోయాయి, ఇప్పుడు రేణుక కథ నడుస్తున్నది. వైకాసి మొదటి తేదీన మన గుడియాత్తంలో గంగమ్మ సిరసు ఊరేగింపు జరుగుతుంది గదా, ఆ తల ఎవరిది, ఎందుకు తెగింది, మళ్ళీ ఎట్లా అతికింది అన్నది పాపకు పెద్ద ప్రశ్న. పాప అడిగేది సగం ఇంగ్లీషులో, అక్కయ్య చెప్పేది పూర్తిగా తెలుగులో. అర్థం కాని చోట చేతులు ఉన్నాయి. కొన్ని ఆదివారాలు పాపకు వేరే క్లాసు ఉంటుంది, ఫోను రాదు. ఆ రోజు అక్కయ్య మధ్యాహ్నం దాకా కాఫీ కూడా సరిగా తాగదు.

రాబోయే సిరసుకు పాపను తీసుకొని వస్తానని మేనల్లుడు అన్నాడు. కెనడాలో వేరే ఉద్యోగం మాట కూడా నడుస్తున్నదని విన్నాను. టిక్కెట్లు ఇంకా తీసుకోలేదు. అక్కయ్య మాత్రం పాపకు గౌను కొలతలు పంపమని రెండుసార్లు అడిగింది.